నలభై మైళ్ల దగ్గర వణుకు

పోయిన వారం గంగులప్పను మదనపల్లె బస్టాండులో పుంగనూరు బస్సెక్కించి వదిలేశాం. ఎందుకెక్కాడో మరిచిపోయినవాళ్లకు రెండు ముక్కలు.

పుంగనూరులో నూనె మిల్లు గోపాలస్వామికి తాతల నాటి కారు ఒకటుంది. ఆరు సిలిండర్ల ఇంగ్లీషు బండి. ఊరంతా దాన్ని నల్లబండి అంటుంది. ముప్పై ఏళ్లుగా దాని మీద గంగులప్ప చెయ్యి తప్ప ఇంకో చెయ్యి పడలేదు. ఆ ముప్పై ఏళ్లూ దానికి ఒకటే జబ్బు. స్పీడు ముల్లు నలభై మైళ్ల దగ్గరికి రాగానే ఇంజను వణికేది. తలుపులు గలగలలాడేవి. స్టీరింగు పట్టుకున్నవాడి పళ్లు కొట్టుకునేవి. ముప్పైలో ఏమీ ఉండదు, యాభై దాటితే ఏమీ ఉండదు. ఆ నలభై దగ్గరే. గంగులప్ప చేయని వైద్యం లేదు. చివరికి గోపాలస్వామి విసిగి బండిని కుప్పంలో హరినాథ్ షెడ్డుకు పంపాడు.

హరినాథ్ ఎవడో కాదు. గంగులప్ప దగ్గర స్పానరు పట్టడం నేర్చుకున్నవాడు. ఆయన ఇంట్లో ఆరేళ్లు అన్నం తిన్నవాడు. ఆయన భార్య నారాయణమ్మను అక్కా అని పిలిచినవాడు. నారాయణమ్మ పోయి నాలుగేళ్లయింది.

ఇప్పుడు నల్లబండి కుప్పం నుంచి తిరిగొచ్చింది. వణుకు పోయిందంటున్నారు. వచ్చి చూడమని గోపాలస్వామి కబురు పెట్టాడు. గంగులప్ప చూడటానికి బస్సెక్కలేదు. వణుకు పోలేదని అందరి ముందూ చెప్పడానికి ఎక్కాడు.

*

మిల్లు గేటు దాటగానే శనక్కాయ చెక్క వాసన ముక్కుకు తగిలింది. ఆవరణలో నల్లబండి కడిగి తుడిచి నిలబెట్టి ఉంది. బెంగళూరు నుంచి పాతకార్ల వాళ్లు ఆ పొద్దు మదనపల్లెకు వస్తున్నారు. అక్కడ మైదానంలో బండ్లన్నీ వరసగా నిలబెట్టి జనానికి చూపించి, తర్వాత హార్స్‌లీ హిల్స్ ఎక్కుతారు. ప్రతి బండి ముందూ ఒక బోర్డు. నల్లబండి బోర్డు అప్పటికే రాసి, ఆరడానికి గోడకు ఆనించి పెట్టారు.

గంగులప్ప బండి కంటే ముందు బోర్డు చూశాడు.

'యజమాని: గోపాలస్వామి, పుంగనూరు. మెకానిక్: హరినాథ్, కుప్పం.'

అక్షరాలు ఎర్రగా, ఫర్లాంగు దూరం నుంచి కూడా చదివేట్టున్నాయి. మదనపల్లెలో, తన సొంత ఊళ్లో, తన షెడ్డు ముందు టీ తాగే ప్రతివాడూ దాన్ని చదువుతాడు. చదివి తన దగ్గరికొచ్చి, "ఏమప్పా, ఆ బండి నీది కదా" అని అడుగుతాడు.

"రాప్పా గంగులప్పా!" గోపాలస్వామి వరండాలో నుంచి పిలిచాడు. కంటికి ఆపరేషనై నల్లద్దాలు పెట్టుకుని ఉన్నాడు. "ఏందప్పా, మొగం అట్ల వాడిపోయుండాది?"

"ఎండ సామీ."

"ఈ చలిలో నీకు ఎండ యాడ దొరికిందప్పా! మాకూ కొంచెం పంపించు, చెక్క ఎండబెట్టుకుంటాం."

మిల్లు కూలీలు నవ్వారు. గంగులప్ప నవ్వలేదు. బానెట్ అవతల నుంచి హరినాథ్ లేచి వచ్చాడు. నలభై అయిదేళ్లొచ్చినా మనిషి సన్నగానే ఉన్నాడు. గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, "బావా, బాగుండావా?" అన్నాడు.

బావా. ఆ పిలుపు నారాయణమ్మ ఇచ్చిన హక్కు. ఆమె పోయినా హక్కు మాత్రం వాడి దగ్గరే ఉండిపోయింది. గంగులప్ప బండి చుట్టూ తిరిగాడు. టైర్లు కొత్తవి. రేడియేటర్ కింద నూనె చుక్క లేదు. తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు.

"ఎక్కు బావా. చౌడేపల్లె రోడ్డులో ఒక సుట్టు పోయొద్దాం. నేను చెప్తే నమ్మవు, నీ చెయ్యే నీకు చెప్పల్ల."

హరినాథ్ స్టీరింగు పట్టాడు. గంగులప్ప పక్కన కూచున్నాడు. గోపాలస్వామి వెనక సీట్లో కాళ్లు చాపుకున్నాడు. ఊరు దాటాక, పాలక్యాన్ల ఆటో ఒకటి దారిచ్చాక, రోడ్డు ఖాళీ అయింది. ముల్లు పాతిక దాటింది. ముప్పై. గంగులప్ప అరచెయ్యి తీసి డాష్‌బోర్డు మీద ఆనించాడు. ముప్పై అయిదు. వణుకు ఎక్కడ మొదలవుతుందో ఆ చేతికి తెలుసు. మొదట వేళ్ల కొసల్లో చీమ పాకినట్టుంటుంది. తర్వాత మణికట్టు. తర్వాత దవడ. ముప్పై ఎనిమిది. చెయ్యి ఎదురుచూసింది. ఇంటికి రావాల్సిన మనిషి కోసం గుమ్మంలో నిలబడినట్టు ఎదురుచూసింది.

నలభై. నలభై రెండు. నలభై అయిదు.

రాలేదు.

"ఏమప్పా?" వెనక నుంచి గోపాలస్వామి. "గంపెడు టమాటాలు ఒళ్లో పెట్టుకున్నా ఒక కాయ నలగదు. ముప్పై ఏండ్లు నా నడుము నువ్వు ఇరగ్గొట్టినావు, ఇప్పుడు ఈయన వచ్చి అతికించినాడు!"

గంగులప్ప చెయ్యి తీసుకున్నాడు. సంతోషించాల్సిన చోట మనిషికి కడుపు మండితే దానికి మందు లేదు. ఇంకొకడి చేతిలో తగ్గే జబ్బు తగ్గకుండా ఉంటేనే మేలనుకునే రకం మనుషులుంటారు. గంగులప్ప ఆ రకం. ఆ సంగతి ఆయనకూ తెలుసు. తెలిసినందువల్ల మంట తగ్గలేదు.

బండి తిప్పేటప్పుడు హరినాథ్ గోపాలస్వామితో అన్నాడు. "ఒక్కటే జాగ్రత్త సామీ. ఇంజను షాఫ్టు బెంగళూరులో మిషన్ కింద చూపిస్తిమి కదా, ముందరి కొసన సన్న గీత పడుండాది. ఇన్నేండ్ల వణుకుకు పడింది. కొత్త షాఫ్టు చేయిస్తాండాం, అందాకా దీంతోనే నెట్టుకు రావల్ల. ఇంజను వణక్కుంటే ఆ గీత ఏమీ చెయ్యదు. మళ్లా వణికిందంటే మాత్రం ఆడికాడ నిలిపెయ్యల్ల. అట్లే తొక్కితే షాఫ్టు ఇరుగుతాది. ఇరిగితే ఇంజను పట్టేస్తాది, ఎనక చక్రాలు తిరగవు. ఎనకాల టమాటా లారీ వస్తాంటే..." మిగతాది చేత్తో చూపించాడు.

"గీతా?" గంగులప్ప మొదటిసారి నోరు తెరిచాడు. "ముప్పై ఏండ్లు నా కంటికి కనపడని గీత నీకు కనపడిందా?"

"కంటికి కనపడదు బావా. మిషన్‌లో కనపడింది."

"మిషన్ నాది కాదు కదా. ఏమైనా సెప్పొచ్చు."

హరినాథ్ గేరు మార్చాడు. వాడు ఎప్పుడూ అంతే, ఎదురు చెప్పడు. ఎదురు చెప్పనివాడిని కొట్టడం కష్టం. గంగులప్పకు వాడిలో అన్నిటికంటే సహించరానిది అదే.

*

మిల్లుకు తిరిగొచ్చాక హరినాథ్ ఒక గోనెసంచి పరిచి, దాని మీద రెండు బిళ్ళలు పెట్టాడు. పెద్ద దోసె సైజులో, మధ్యలో చిల్లి. లారీ క్లచ్చికి వాడే లైనింగుతో కోసిన బిళ్ళలు. గంగులప్ప స్వయంగా కోసి, రివెట్లు కొట్టి, నల్లబండి డాంపర్‌లో పెట్టినవి.

డాంపర్ అంటే ఏమిటో తెలియనివాళ్లకు ఇంతే సంగతి. ఇంజనులో ప్రతి పేలుడుకూ షాఫ్టు ఒక కుదుపు తింటుంది. పొడుగు షాఫ్టు కదా, ఒక వేగం దగ్గర ఆ కుదుపులన్నీ ఒకదాని మీద ఒకటెక్కి వణుకవుతాయి. దాన్ని చంపడానికి షాఫ్టు ముందరి కొసన ఒక చిన్న చక్రం బిగించి, దానికి అటొకటి ఇటొకటి బరువైన రెండు ఇనప పళ్ళేలు పెడతారు. చక్రానికీ పళ్ళేలకూ మధ్య రాపిడి బిళ్ళలు. స్ప్రింగులు, నట్లు వాటిని నొక్కి పెడతాయి. షాఫ్టు ఉలికిపడినప్పుడు బరువైన పళ్ళేలు అంత త్వరగా ఉలికిపడవు. మధ్యలో బిళ్ళ కొంచెం జారుతుంది. ఆ జారడంలో వణుకు అరిగిపోతుంది.

"సూడు బావా," హరినాథ్ ఒక బిళ్ళను వెలుతురుకు తిప్పాడు. "నువ్వు పెట్టి పదేండ్లయింది. గోటి మందం కూడా అరగలేదు."

"అరగలేదంటే నా పని గట్టిదని."

"అరగలేదంటే జారలేదని బావా. జారకుంటే అది డాంపర్ కాదు, ఉత్త ఇనప ముద్ద."

గంగులప్ప బతుకంతా లారీల కింద గడిచింది. లారీలో జారితే చెడినట్టు. క్లచ్చి జారితే మార్చాలి, బెల్టు జారితే బిగించాలి, నట్టు వదులైతే మనిషి చస్తాడు. గంగులప్ప బిగించిన నట్టు ఇంకొకడు విప్పలేడని మదనపల్లె టమాటా మండీలో డ్రైవర్లు గొప్పగా చెప్పుకుంటారు. నల్లబండి వణికినప్పుడల్లా ఆయన చేసింది కూడా అదే. ఇంకొక చుట్టు బిగించాడు. వణుకు పెరిగితే ఇంకొక చుట్టు.

"మరి నువ్వేం పెట్టినావు?"

"గుడ్డ."

"ఏందీ?"

"నూలు గుడ్డ బావా. మందం కాన్వాసు. పొరలు పొరలుగా కుట్టి, బిళ్ళలు కోసి, వారం రోజులు ఆముదంలో నానబెట్టినా. నట్లు మెత్తగా పట్టించి ఆపేసినా."

గంగులప్ప పకపకా నవ్వాడు. చాలా రోజుల తర్వాత నవ్వాడు. "సామీ, ఇన్నారా! ఇంజనుకు దెబ్బ తగిలిందంట, ఈయన గుడ్డ కట్టి ఆముదం పోసినాడంట! పసుపు కూడా పెట్టింటే ఇంకా బాగుండు కదప్పా!"

"నవ్వు, నవ్వు," అన్నాడు గోపాలస్వామి వరండాలో నుంచి. "నీ లారీ బిళ్ళతో నేను ఏడ్చినా. ఆ గుడ్డతో సుఖంగా కూచున్నా."

"కంపెనీవాడు మొదట పెట్టింది కూడా గుడ్డే బావా," అన్నాడు హరినాథ్. "పాతది పీకేస్తాంటే అడుగున పోగులు అంటుకోనుండాయి."

గంగులప్ప నవ్వు ఆగింది. "పోగులు సూసి నీకు తెలిసిపోయిందా? వదులుగా పెట్టల్లని ఎవరు సెప్పినారు? బెంగళూరువాళ్లా?"

హరినాథ్ బిళ్ళను తిరిగి గోనెసంచి మీద పెట్టాడు. చెప్పాలా వద్దా అని తూచుకుంటున్నట్టుంది.

"అక్క."

"యా అక్క?"

"నాకు ఇంకో అక్క యాడుండాది బావా."

మిల్లు యంత్రం ఆగి ఉంది. ఎక్కడో నూనె డబ్బాలు దొర్లించే చప్పుడు.

నారాయణమ్మ చివరి రెండు నెలలూ కుప్పం ఆసుపత్రిలో ఉంది. గంగులప్ప ఆదివారం ఆదివారం వెళ్లొచ్చేవాడు. మిగతా రోజులు షెడ్డు. అక్కడే షెడ్డు పెట్టుకున్న హరినాథ్ రోజూ రాగి జావ కాయించుకుని తీసుకెళ్లేవాడని ఆయనకు తెలుసు. జావ సంగతి తెలుసు. మాటల సంగతి తెలియదు.

"ఒక పొద్దు అడిగింది," అన్నాడు హరినాథ్. "ఆ నల్లబండి ఆయన్ను నిద్రపోనియ్యదు రా, అదేం జబ్బు అని. నాకు తెలిసింది చెప్పినా. అప్పుడు నవ్వింది. నీరుగట్టుపల్లెలో వాళ్లమ్మోళ్లింట్లో మగ్గాలుండాయి కదా. పడుగు పోగులు చుట్టిన బీము దుంగకు తాడు చుట్టి బరువు వేలాడదీస్తారంట. తాడు గట్టిగా పడితే పోగులు పటపటా తెగుతాయంట. వదిలేస్తే గుడ్డ సంచి మాదిరి సాగతాదంట. దెబ్బ పడినప్పుడల్లా తాడు ఇంత, ఇంతే, జారల్లంట. 'మీ బావ జారనియ్యడు రా హరీ, ఏదీ జారనియ్యడు' అనింది. అనేసి మళ్లా నవ్వింది."

"నాకెందుకు సెప్పలే?"

"చెప్పిందంట బావా."

"ఎప్పుడు?"

"చానా ఏండ్ల కింద. మగ్గానికీ మోటారుకూ ఏం సంబంధమే, పోయి పొయ్యి సూసుకో అన్నావంట."

గంగులప్పకు గుర్తు లేదు. వాడు అల్లి చెబుతున్నాడని అనుకోవడానికి ప్రయత్నించాడు. కుదరలేదు. మాట తనదే. తన ఇంట్లో, తన గొంతులో రోజుకు నాలుగుసార్లు వినిపించే మాట అది.

అయినా ఆయనను కాల్చింది ఆ మాట కాదు. నవ్వింది అన్నాడే, అది. రెండుసార్లు నవ్విందట. ఆదివారాలు తాను వెళ్లినప్పుడు ఆమె గోడ వైపు తిరిగి పడుకునేది. నొప్పేమో అనుకున్నాడు. నాలుగేళ్లుగా అలాగే అనుకుంటున్నాడు. నొప్పి ఆదివారాల్లోనే వచ్చేదన్నమాట. సోమవారం నుంచి శనివారం దాకా వీడితో నవ్వడానికి ఆమెకు నోరుంది.

"సచ్చిపోయిందాన్ని అడ్డం పెట్టుకోని పేరు సంపాదిస్తాండావా?" అన్నాడు.

హరినాథ్ ముఖం మాడింది. "బోర్డు మీద నీ పేరే రాయమని సామికి చెప్పినా బావా. ముప్పై ఏండ్లు సూసింది నువ్వని చెప్పినా. ఆయనే ఒప్పుకోలే."

కొట్టినా ఇంత నొప్పి పుట్టేది కాదు. తన పేరు కోసం వాడు అడగాల్సి వచ్చింది. వాడు అడిగినా దొరకలేదు.

"పోట్లాట చాలించి రండప్పా, దోసెలు చల్లారతాండాయి!" గోపాలస్వామి లోపలికి పోతూ కేకేశాడు. "హరీ, నువ్వు ముందు నీళ్లు పోసుకో. పూజ చేసేది నువ్వే కదా."

"నాకు ఆకలి లేదు సామీ," అన్నాడు గంగులప్ప.

హరినాథ్ లేచాడు. రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు. స్పానర్లు సంచి మీదే ఉన్నాయి. "బావా, నువ్వొకసారి కిందికి దూరి సూడు. నేను చేసిందాంట్లో ఏమన్నా తప్పుంటే చెప్పు. నీకంటే ఈ బండి తెలిసినోళ్లు ఎవరుండారు?"

నమ్మి చెప్పాడు. నమ్మినవాడు స్నానానికి వెళ్లిపోయాడు.

*

గంగులప్ప గోనెసంచి లాక్కుని బండి ముందు వెల్లకిలా పడుకుని లోపలికి జరిగాడు. అరవై దాటిన నడుము కీచుమంది. రేడియేటర్ వెనక డాంపర్ కనిపించింది. పళ్ళెం చుట్టూ ఆరు నట్లు. ఒక్కోదానికి అడ్డంగా ఒక పిన్ను, నట్టు తనంతట తాను తిరగకుండా.

చూసి లేవవచ్చు. తప్పు లేదని ఆయనకు మొదటి చూపులోనే తెలిసింది. పని శుభ్రంగా ఉంది. తాను నేర్పినట్టే పిన్ను కొసలు రెండూ సమంగా వంచి ఉన్నాయి. అది చూడగానే చెయ్యి స్పానరు మీదికి పోయింది.

షాఫ్టు విరగాలని ఆయన కోరుకోలేదు. బండి వణకాలి, అంతే. మదనపల్లె దారిలో, గోపాలస్వామి నడుము కింద, పాత వణుకు మళ్లీ లేవాలి. కుప్పం వైద్యం నాలుగు రోజులకే చెడిందని ఆయన నోటితోనే అనాలి. బోర్డు మీద పేరు తుడిచేయాలి. షాఫ్టు మీద గీత ఉందన్నది వాడు తన మీద వేసిన నింద. ఆ గీతను నమ్మితే చెయ్యి ఆగేది. అందుకే గంగులప్ప నమ్మలేదు.

పిన్ను పీకాడు. నట్టు తిప్పాడు. పిన్ను తిరిగి పెట్టి, కొసలు సమంగా వంచాడు. రెండోది. మూడోది. నట్లు బిగిసేకొద్దీ పళ్ళెం అంచున గుడ్డలో నుంచి ఆముదం చెమటలా బయటికి ఊరింది. ఆ వాసన ముక్కుకు తగిలింది. నారాయణమ్మ తలకు అదే రాసుకునేది. దిండుకు అంటుతుందని తాను విసుక్కునేవాడు. గంగులప్ప ఆగలేదు. నోటితో గాలి పీల్చుకుంటూ ఆరోది కూడా బిగించాడు. బిగించి, ఊరిన నూనెను తన తువ్వాలుతో తుడిచాడు.

ఆయన లేచి దుమ్ము దులుపుకునే వేళకు హరినాథ్ తడి తలతో, నుదుట విభూతితో వచ్చాడు.

"ఏమన్నా కనపడిందా బావా?"

"బాగానే చేసినావు," అన్నాడు గంగులప్ప. ఆ పూట ఆయన చెప్పిన నిజం అదొక్కటే.

పూజ జరిగింది. బానెట్ మీద పసుపు కుంకుమ, టెంకాయ, నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు. హరినాథ్ స్టార్టు చేశాడు. ఇంజను పిల్లి గురగురలాడినట్టు మెత్తగా పలికింది. నిలబడ్డ బండిలో ఆ వణుకు తెలియదు. నలభై దగ్గరికి పోతేనే తెలుస్తుంది. ఆ సంగతి అక్కడున్న ఇద్దరు మెకానిక్కులకూ తెలుసు, వాళ్లలో హరినాథ్ నవ్వుతున్నాడు.

అప్పుడు గేటులోకి స్కూటీ వచ్చింది.

కీర్తన. గంగులప్ప ఒక్కగానొక్క కూతురు. పుంగనూరులోనే పాల డెయిరీలో పాలు పరీక్ష చేసే ఉద్యోగం, అక్కడే అద్దె గది. అమ్మ పోయాక నాయన ఇంట్లో ఆమెకు మాట్లాడే మనిషి లేకుండా పోయింది. పండక్కి వస్తుంది, వండి పెట్టి పోతుంది.

"నాయనా! నువ్వెప్పుడొచ్చినావు? ఫోన్ చేస్తే ఎత్తవు, ఈడికి మాత్రం వస్తావు."

"నువ్వు ఈడికెందుకు వచ్చినావు?"

హరినాథ్ బండి దిగి, డ్రైవరు వైపు తలుపు తెరిచి పట్టుకున్నాడు. "ఎక్కు తల్లీ. ఈ పొద్దు బండి నీది."

"ఏందిది?" అన్నాడు గంగులప్ప.

"నేర్చుకున్నా నాయనా. నెల రోజులుగా సెలవు దొరికినప్పుడల్లా కుప్పం పోయి వస్తాండా. హరి మామ నేర్పించినాడు. నీకు చెప్పకుండా ఒకేసారి మదనపల్లెలో చూపిద్దామనుకుంటిమి."

"అక్క కోరిక బావా," అన్నాడు హరినాథ్ మెల్లగా. "నా బిడ్డ ఒకసారి ఆ బండి నడపల్ల రా అనింది. బావ దాన్ని నా బిడ్డ కంటే ఎక్కువ సూసుకున్నాడు, ఇద్దరినీ ఒకచోట సూడల్ల అనింది."

ఇంకొక కోరిక. అదీ వాడికే చెప్పింది.

గంగులప్ప బండి ముందు నిలబడ్డాడు. ఒక్క మాట చాలు. 'డాంపర్ నేను బిగించినా, విప్పల్ల.' పది నిమిషాల పని. కానీ ఆ మాట గోపాలస్వామి ముందు అనాలి. కూలీల ముందు అనాలి. కూతురి ముందు అనాలి. అన్నిటికంటే ముందు హరినాథ్ ముందు అనాలి. అంటే వాడు కోపపడడు. "పోనీలే బావా" అంటాడు. అది ఆయన భరించలేడు.

"ఆడపిల్ల," అన్నాడు. "లారీల రోడ్డు. వద్దు."

"లారీ క్లచ్చి తొక్కేది పదహారేండ్లకే నేర్పించింది నువ్వే కదా నాయనా!" కీర్తన అప్పటికే ఎక్కి సీటు ముందుకు జరుపుకుంటోంది. కూలీలు నవ్వారు.

"అయితే మెల్లగా పో. ముప్పై దాటొద్దు."

"ముప్పైలో పోతే పాల ఆటో కూడా హారన్ కొట్టి దాటిపోతాది."

"గంగులప్పా, నువ్వూ రాప్పా," గోపాలస్వామి వెనక ఎక్కి పక్క చోటు చూపించాడు. "బిడ్డ నడిపేది సూసుకుంటా కూచో. ఇదో, ఈ బోర్డు కొంచెం ఒళ్లో పెట్టుకో, రంగు ఇంకా పచ్చిగా ఉండాది, సీటుకు అంటుకుంటాది."

బోర్డు సీటుకు ఆనించి ఉంది. ఎర్రటి అక్షరాలు ఆయన వైపే తిరిగి ఉన్నాయి. మదనపల్లె దాకా దాన్ని ఒళ్లో పెట్టుకుని మోయాలి.

"మీరు పొండి," అన్నాడు గంగులప్ప. "నేను బస్సులో వస్తా."

హరినాథ్ కీర్తన పక్కన ఎక్కి తలుపు వేశాడు. నిమ్మకాయలు చిట్లాయి. నల్లబండి గేటు దాటి కుడివైపు తిరిగింది. కీర్తన చెయ్యి కిటికీలో నుంచి ఊగింది.

*

ఆయన బస్టాండుకు పోలేదు. గేటు దగ్గరే మెట్టు మీద కూచున్నాడు. కూలీ ఒకడు టీ గ్లాసు చేతికిచ్చాడు. సగం తాగేసరికి ఫోను మోగింది. హరినాథ్.

"బావా, వణికింది." రోడ్డు పక్కన ఆపినట్టున్నారు. వెనక లారీలు పోతున్న హోరు. "ముప్పై ఎనిమిది దగ్గర మొదలైంది. నిలిపేయించినా. కిందికి దూరి సూసినా, పిన్నులన్నీ అట్లే ఉండాయి. నాకేమీ అర్థం కావడం లేదు. పొద్దున పోయినప్పుడు లేదు కదా."

గంగులప్ప ఫోను రెండో చెవికి మార్చుకున్నాడు.

"నువ్వు కిందికి దూరినావు కదా, డాంపర్ నట్లు ఏమన్నా ముట్టుకున్నావా? తప్పుగా అడగడం లేదు. ముట్టుకునింటే చెప్పు, బండి ఈడే పెట్టేసి ఆటోలో పోతాం. ముట్టుకోకుంటే అది ఇంజను కాదు. టైర్లు నిన్న కొత్తవి ఏసినా, చక్రానికి కొట్టిన సీసం ముక్క దారిలో ఊడుంటాది, దాని అదురు అయ్యుంటాది. టైరు అదురైతే గట్టిగా తొక్కి యాభై దాటిస్తే పోతాది. నువ్వు చెప్పిందాన్ని బట్టే ఉండాది."

ఇంతకంటే తేలిక దారి ఎవడూ ఎవడికీ ఇవ్వడు. ఎదురుగా మనిషి లేడు, ముఖం చూసేవాడు లేడు. ఒక్క 'ఊ' చాలు.

"ముట్టుకోలేదు," అన్నాడు గంగులప్ప. "నీ పని నేను యాల ముట్టుకుంటా?"

అవతల హరినాథ్ ఊపిరి వదిలాడు. వెంటనే కీర్తన గొంతు, నవ్వుతూ. "నేను చెప్పలే మామా! నాయన కోప్పడతాడు గానీ పనిలో దొంగతనం చెయ్యడు. ఆయన ముట్టుకోలేదంటే ముట్టుకోలేదు. ఎక్కు, యాభై ఏం, అరవై దాటిస్తా."

తలుపు మూసిన చప్పుడు. గేరు పడింది. హరినాథ్ ఫోను పెట్టేయకుండానే చొక్కా జేబులో వేసుకున్నాడు. ఇంజను గుడ్డలో చుట్టినట్టు దూరంగా వినిపిస్తోంది. మొదటి గేరు. రెండు. మూడు. ఆ శబ్దం ఎక్కడ ఎంత వేగమో గంగులప్ప కళ్లు మూసుకుని చెప్పగలడు. ఇరవై అయిదు. ముప్పై. షాఫ్టు ముందరి కొసన, మిషన్‌కు మాత్రమే కనిపించే సన్నటి గీత ఒకటి ఆయనకిప్పుడు స్పష్టంగా కనిపించింది.

"కీర్తనా," అన్నాడు. "అమ్మా, ఆపు."

ముప్పై అయిదు.

"హరీ! ఒరే హరీ! ఆపరా!" టీ గ్లాసు మెట్ల మీద పగిలింది. గంగులప్ప లేచి నిలబడి, ఫోను నోటికి ఆనించుకుని, మెడ నరాలు తేలేట్టు అరిచాడు. "నేనే బిగించినా! ఆరు నట్లూ నేనే బిగించినా రా!"

మిల్లులో కూలీలంతా పని ఆపి తిరిగి చూశారు. వంటింట్లో నుంచి ఆడవాళ్లు బయటికొచ్చారు. రోడ్డు మీద పోతున్నవాడు సైకిలు ఆపాడు. ఆ మాట పుంగనూరు వీధిలో అందరికీ వినిపించింది, బండిలో ఉన్న ముగ్గురికి తప్ప.